ఆసుపత్రి కథలు – 7: హస్తవాసి

మందు ఒకటే అయినా ఇచ్చే చెయ్యి మారితే ఫలితం మారుతుందని మనవాళ్ళ నమ్మకం. ‘ఆయన హస్తవాసి మంచిది, నాడి పట్టుకుంటే చాలు జ్వరం దిగిపోతుంది’ అని పక్కింటివాళ్ళు చెబితే, వీధి చివరనున్న డాక్టరును వదిలేసి బస్సెక్కి పొరుగూరు వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మంత్రసాని దగ్గర ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఫలానా ఆవిడ పురుడు పోస్తే తల్లీబిడ్డా క్షేమం, ఫలానా ఆవిడ చెయ్యి పెడితే మూడో రోజుకల్లా బాలింతకు జ్వరం. ఎందుకని అడిగితే ‘అదంతే, హస్తవాసి’ అనేవారు. ఆ పైన మాట్లాడ్డానికి ఏమీ ఉండేది కాదు.

చదువుకున్నవాళ్ళం ఈ మాటకు నవ్వుకుంటాం. అయితే పందొమ్మిదో శతాబ్దం నడుమ, యూరప్‌లో పేరు మోసిన ఒక ఆసుపత్రిలో, ఓ కుర్ర డాక్టరుకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే. ఒకే కప్పు కింద, ఒకే రకం మంచాల మీద, కొందరి చేతుల్లో తల్లులు బతుకుతున్నారు. ఇంకొందరి చేతుల్లో చచ్చిపోతున్నారు. ఆ చేతుల్లో ఏముంది?

గత వారం నైటింగేల్‌ను స్కుటారీ సైనికాసుపత్రిలో వదిలిపెట్టాం. ఈ వారం అక్కణ్ణుంచి ఏడేళ్ళు వెనక్కి, వియన్నాకు వెళదాం. ఆ తర్వాత అట్లాంటిక్ దాటి బాల్టిమోరుకు. రెండు చేతుల కథ ఇది. ఒకటి డాక్టరుది, ఒకటి నర్సుది. ఆ రెండింటికీ దెబ్బ తగలబట్టే రోగులను చంపుతున్నదేమిటో, కాపాడగలిగేదేమిటో వైద్యలోకానికి తెలిసింది.

ఒకటో వార్డు, రెండో వార్డు

వియన్నా జనరల్ ఆసుపత్రి 1784లో ఆస్ట్రియా పాలకుడు రెండో జోసెఫ్ చక్రవర్తి తెరిపించినది. ప్రసూతి విభాగానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పేదరాళ్ళు, పెళ్ళి కాకుండానే తల్లులవుతున్నవాళ్ళు. వాళ్ళకు పైసా ఖర్చు లేదు. పుట్టిన బిడ్డను కావాలంటే అనాథ శిశువుల గృహం తీసుకుంటుంది. బదులుగా వాళ్ళు ఒప్పుకోవలసింది ఒక్కటే, విద్యార్థులు వాళ్ళ మీద పని నేర్చుకుంటారు. మన పెద్దాసుపత్రుల్లో ఈనాటికీ నడుస్తున్న ఒప్పందమే అది.

విభాగంలో రెండు వార్డులు. 1840 నుంచి ఒకటో వార్డు వైద్య విద్యార్థులది, రెండోది మంత్రసాని పని నేర్చుకునే ఆడవాళ్ళది. గర్భిణులను వంతులవారీగా చేర్చుకునేవారు. ఇవాళ వచ్చినవాళ్ళు ఒకటో వార్డుకు, రేపు వచ్చినవాళ్ళు రెండో వార్డుకు. ఎవరు ఎక్కడికి వెళ్ళేదీ నొప్పులు మొదలైన రోజును బట్టి ఉండేది. అంటే ఎవరూ కావాలని పెట్టకపోయినా, అది ఏళ్ళ తరబడి సాగిన ఒక పెద్ద ప్రయోగం.

ఫలితం ఆసుపత్రి దస్తరాల్లోనే ఉంది. 1841 నుంచి 1846 వరకు ఆరేళ్ళలో ఒకటో వార్డులో నూటికి సుమారు పదిమంది తల్లులు చనిపోయారు, రెండో వార్డులో నలుగురి లోపు. 1846 ఒక్క ఏడాదే చూస్తే, ఒకటో వార్డులో 4,010 కాన్పులకు 459 మరణాలు. రెండో వార్డులో 3,754 కాన్పులకు 105. చంపింది చాలావరకు ఒకటే జబ్బు, బాలింత జ్వరం. కాన్పు సుఖంగానే అయ్యేది. రెండో రోజో మూడో రోజో చలి, జ్వరం, పొత్తికడుపు తాకనివ్వని నొప్పి, సంధి మాటలు. వారం తిరిగేసరికి మంచం ఖాళీ.

ఈ సంగతి పత్రికల్లో రాకపోయినా వియన్నా వీధులకు తెలుసు. తమది ఒకటో వార్డు వంతు రోజని తెలిసిన ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, రెండో వార్డుకు పంపమని వేడుకునేవారు. కొందరు దారిలోనే, ఏ గుర్రపుబండిలోనో కని, తర్వాత బిడ్డను ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చేవారు. వింత ఏమిటంటే, నడివీధిలో కన్న ఆ తల్లులకు జ్వరం అరుదుగా వచ్చేది. ప్రొఫెసర్ల చేతుల కన్నా నడివీధి నయమన్నమాట.

1846 జులైలో ఒకటో వార్డులో ప్రొఫెసర్ యోహాన్ క్లైన్ దగ్గర అసిస్టెంటుగా చేరిన 28 ఏళ్ళ ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్‌కు ఈ లెక్క మింగుడు పడలేదు. హంగరీలో, డాన్యూబు ఒడ్డునున్న బుడాలో, కిరాణా వర్తకుడి కొడుకు. జబ్బుకు గాలి దోషం కారణమని పెద్దలు చెప్పేవారు. రెండు వార్డులకూ అదే గాలి కదా? జనం కిక్కిరిసి ఉండడం వల్లనా? భయం కొద్దీ అందరూ ఎగబడే రెండో వార్డే ఎక్కువ కిక్కిరిసి ఉండేది. రెండో వార్డులో పక్కకు తిప్పి పడుకోబెట్టి కాన్పు చేస్తారని విని, ఇక్కడా అలాగే చేయించాడు. లాభం లేదు. కడసారి ప్రార్థనకు వచ్చే పాదిరీ ముందు గంట మోగించుకుంటూ వార్డుల మధ్య నుంచి నడిచేవాడు. ఆ గంట విని బాలింతలు బెదిరిపోతున్నారేమోనని, గంట లేకుండా చుట్టుదారిలో రమ్మని ఆయన్ను బతిమాలాడు. పాదిరీ సరేనన్నాడు. మరణాలు మాత్రం తగ్గలేదు.

కొలెట్ష్కా వేలు

1847 మార్చి మొదట్లో సెమ్మెల్‌వైస్ మనసు తేలిక చేసుకుందామని మిత్రులతో వెనిస్ వెళ్ళాడు. ఆ నెల 20న తిరిగొచ్చి మళ్ళీ ఉద్యోగంలో చేరేసరికి చావు కబురు ఎదురైంది. న్యాయవైద్యశాస్త్ర ప్రొఫెసర్ జాకబ్ కొలెట్ష్కా, తను ఎంతో అభిమానించే మనిషి, మార్చి 13న పోయాడు. వయసు 43.

జరిగింది చిన్నదే. విద్యార్థుల చేత శవపరీక్ష చేయిస్తున్నాడు. ఒక కుర్రాడి చేతిలో కత్తి జారి ప్రొఫెసర్ వేలికి గుచ్చుకుంది. శవాలు కోసే గదిలో అలాంటి గాట్లు మామూలే. కొద్ది రోజుల్లో చెయ్యి వాచింది, చంక దాకా ఎర్రటి చారలు పాకాయి, జ్వరం, సంధి, చావు. రోజూ ఇతరుల శరీరాలు తెరిచి చూపించిన మనిషిని అదే బల్ల మీద పడుకోబెట్టి తెరిచారు. ఊపిరితిత్తుల పొర, గుండె పొర, పొత్తికడుపు పొర, మెదడు పొర, ఎక్కడ చూసినా చీము.

సెమ్మెల్‌వైస్ ఆ నివేదిక చదివాడు. కొత్తగా ఏమీ లేదు. కొన్ని వందల మంది బాలింతల శరీరాల్లో తను చూసిందే అక్షరాక్షరం అందులో ఉంది. ఒకటే తేడా. ఈసారి పోయినవాడు బాలింత కాదు, అసలు ఆడదే కాదు. మగవాడికి బాలింత జ్వరం వచ్చింది!

అంటే ఆ జబ్బుకు కాన్పుతో గాని, గర్భాశయంతో గాని, పాదిరీ గంటతో గాని పని లేదు. కొలెట్ష్కాను చంపింది కత్తి మొన మీద శవం నుంచి అంటుకొచ్చినదేదో. మరి ఒకటో వార్డు తల్లులకు ఏ కత్తీ గుచ్చుకోలేదే? అక్కర్లేదు. విద్యార్థులు పొద్దున్నే శవాల గదిలో పని చేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, నేరుగా కాన్పుల గదికి వస్తారు. కాన్పయిన కడుపు లోపల పచ్చిపుండులాగే ఉంటుంది. వేలే అక్కడ కత్తి. సబ్బుతో కడిగినా ఆ చేతులకు శవాల వాసన వదిలేది కాదు. అందరూ రోజూ పీలుస్తున్న ఆ వాసనే సాక్ష్యం. ఆడవాళ్ళు నేర్చుకునే రెండో వార్డులో శవపరీక్షలు లేవు. పాత లెక్కలు తిరగేస్తే అదీ సరిపోయింది. 1822 దాకా, శవాల మీద కాన్పుల పాఠం చెప్పడం ఇష్టం లేని ముందటి ప్రొఫెసరు హయాంలో, మరణాలు నూటికి ఒకటి అటూఇటూగా ఉండేవి. క్లైన్ వచ్చి ఆ పాఠం మొదలుపెట్టాకే పెరిగాయి.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ బల్ల మీదకు ఏటా వందల మంది తల్లులు వచ్చారు. ప్రతి ఒక్కరి శరీరమూ ఇదే చెప్పింది. కానీ వాళ్ళు రోగులు, వాళ్ళ చావు రోగానికి సహజం అనుకున్నారు. తమలో ఒకడు, తమ పనిలో తగిలిన దెబ్బతో, తమ కళ్ళ ముందు పోతేగాని ఆ మాట వినపడలేదు. ఆసుపత్రిలో పని చేసేవాడి గాయాన్ని శ్రద్ధగా చదివితే రోగి చావుకు కారణం అందులోనే దొరికింది.

గుమ్మం దగ్గర పళ్ళెం

1847 మే నెల మధ్యలో ఒకటో వార్డు గుమ్మం దగ్గర ఒక పళ్ళెం వెలిసింది. అందులో క్లోరిన్ నీళ్ళు. లోపలికి వచ్చే ఎవరైనా, ప్రొఫెసరైనా విద్యార్థైనా, అందులో చేతులు ముంచి తోముకోవాలి. ఖర్చు ఎక్కువవుతోందని కొన్నాళ్ళకు చవకైన సున్నపు క్లోరైడుకు మారారు. మన మునిసిపాలిటీవాళ్ళు మురికికాలవల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడరే అది. సూక్ష్మజీవులు జబ్బులు తెస్తాయన్న సిద్ధాంతం అప్పటికి ఇంకా స్థిరపడలేదు. చేతులకంటిన శవాల వాసనను పోగొట్టేది ఏదో, ఆ వాసన వెనకున్న దాన్నీ పోగొడుతుందని సెమ్మెల్‌వైస్ తర్కం.

ఏప్రిల్‌లో 312 కాన్పులకు 57 మంది పోయారు. పళ్ళెం వచ్చాక, జూన్‌లో 268 కాన్పులకు ఆరుగురు. జులైలో 250కి ముగ్గురు. మరుసటి ఏడాది, 1848లో, రెండు వార్డుల మధ్య తేడాయే చెరిగిపోయింది. రెండింటిలోనూ నూటికి ఒకరి కన్నా కాస్త ఎక్కువ. ఆ ఏడాది మార్చిలో, ఆగస్టులో ఒకటో వార్డులో ఒక్క తల్లి కూడా పోలేదు.

దారిలో ఒక ఎదురుదెబ్బ తగిలింది. 1847 అక్టోబరులో ఒకటో మంచం మీద గర్భాశయ క్యాన్సరు ఉన్న మనిషిని చేర్చారు. తనిఖీ ఆ మంచంతోనే మొదలయ్యేది. ఆమెను చూసిన చేతులను వట్టి సబ్బుతో కడుక్కుని తక్కిన మంచాలకు వెళ్ళారు. అప్పుడు కాన్పులకు వచ్చినవాళ్ళు పన్నెండు మంది, వాళ్ళలో పదకొండు మంది చనిపోయారు. బతికున్న మనిషి పుండు కూడా శవమంత ప్రమాదకరమేనని అప్పుడు తెలిసింది. గుమ్మం దగ్గర ఒక్కసారి కడుక్కుంటే చాలదు, మంచానికీ మంచానికీ మధ్య కడుక్కోవాలి. ఈ వాక్యం గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఇంత చేసినా సెమ్మెల్‌వైస్ మాట నిలబడలేదు. అందుకు చరిత్రకారులు చాలా కారణాలు చెబుతారు. ఆయన నోటి దురుసు, పుస్తకం రాయడంలో పదమూడేళ్ళకు పైగా చేసిన జాప్యం, వియన్నాలో హంగరీవాడి పట్ల ఉన్న చిన్నచూపు. అన్నీ నిజమే. నాకు మాత్రం వీటన్నిటి కన్నా బరువైనది ఒకటి కనిపిస్తుంది. ఆయన సిద్ధాంతాన్ని ఒప్పుకోవడమంటే ప్రతి డాక్టరూ తన చేతులకేసి చూసుకుని ఎంతమందిని చంపానో లెక్క వేసుకోవడం. జర్మనీలోని కీల్‌లో ప్రొఫెసర్ గుస్టావ్ మిఖాయెలిస్ ఆ లెక్క వేసుకున్నాడు. తన వార్డులో క్లోరిన్ పెట్టించాడు, మరణాలు తగ్గడం చూశాడు. తగ్గేకొద్దీ ఒక ముఖం వెంటాడింది. కొన్నాళ్ళ కిందట తను స్వయంగా పరీక్షించాక బాలింత జ్వరంతో పోయిన చుట్టాలమ్మాయిది. 1848 ఆగస్టులో ఆయన తన ప్రాణం తీసుకున్నాడు. తప్పు తెలుసుకున్న వైద్యుడిని ఎవరు ఓదార్చాలన్న ప్రశ్న ఆనాటి ఏ ఆసుపత్రికీ తట్టలేదు.

సెమ్మెల్‌వైస్ ఉద్యోగాన్ని 1849లో పొడిగించలేదు. పెస్ట్ నగరానికి వెళ్ళి అక్కడా మరణాలు తగ్గించాడు, కోపంతో ఉత్తరాలు రాశాడు, క్రమంగా మతి చెదిరింది. 1865లో వియన్నాలోని పిచ్చాసుపత్రిలో చేర్చారు. అక్కడి కాపలావాళ్ళు కొట్టిన దెబ్బలకు గాయాలు చీముపట్టాయి. విషం ఒళ్ళంతా పాకి ఆగస్టు 13న పోయాడు. కొలెట్ష్కాను, ఆ తల్లులను తీసుకుపోయిన జబ్బే ఆయన్నూ తీసుకుపోయింది.

సరిగ్గా ముందురోజు, ఆగస్టు 12న, స్కాట్లండులోని గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ అనే సర్జను, బండిచక్రం ఎక్కి కాలు విరిగిన పదకొండేళ్ళ కుర్రాడి గాయానికి కార్బాలిక్ ఆసిడ్‌లో ముంచిన గుడ్డ కట్టాడు. ఎముక బయటికొచ్చిన అలాంటి గాయానికి అప్పట్లో సామాన్యంగా కాలు తీసేసేవారు. ఈ కుర్రాడి గాయం చీము పట్టకుండా మానింది. పాశ్చర్ పరిశోధనలు చదివిన లిస్టర్ క్రిముల మీద యుద్ధం ప్రకటించాడు. ఒకరికొకరు తెలియని ఇద్దరి మధ్య ఒక్క రోజు తేడాలో బరువు భుజం మారింది.

కారొలిన్ చేతులు

ఇప్పుడు 1889కి రండి. అమెరికాలోని బాల్టిమోరులో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి ఆ ఏడాది మేలో తెరుచుకుంది. శస్త్రచికిత్స పెద్ద విలియం హాల్‌స్టెడ్. తెగ పట్టింపుల మనిషి. ఆపరేషన్ గది నర్సులకు పెద్ద కారొలిన్ హాంప్టన్. దక్షిణ కరొలైనాలో ఒకప్పటి జమీందారీ కుటుంబం, అంతర్యుద్ధంలో పేరు మోసిన జనరల్ వేడ్ హాంప్టన్‌కు అన్నదమ్ముల వరసలో కూతురు. యుద్ధంలో ఆస్తులు పోయాక ఆ ఇంటి పిల్ల న్యూయార్కు వచ్చి, అప్పట్లో ఆ తరగతివాళ్ళకు నామోషీ అనిపించే నర్సు చదువు చదివింది.

లిస్టర్ యుద్ధం అప్పటికి గెలిచినట్టే. ఆ యుద్ధం ఎవరి ఒంటి మీద జరుగుతోందో చూద్దాం. ఆపరేషనుకు ముందు చేతులు ఎలా తయారు చేసేవారంటే, మొదట సబ్బూ బ్రష్షూ పెట్టి తోమాలి. తర్వాత పొటాషియం పర్మాంగనేటు ద్రావణంలో ముంచాలి, చేతులు ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. ఆ రంగు పోవడానికి వెచ్చటి ఆక్జాలిక్ ఆసిడ్. ఆఖరున మెర్క్యూరిక్ క్లోరైడ్, పాదరసపు విషం. ఇక పనిముట్లు కార్బాలిక్‌లో నానుతుంటాయి. వాటిని అందులోంచి తీసి సర్జనుకు అందించేది నర్సు. సర్జనుకు ఆపరేషన్ ఉన్నప్పుడే ఈ బాధ. కారొలిన్‌కు ప్రతి ఆపరేషనుకూ, ప్రతి రోజూ.

చలికాలం వచ్చేసరికి ఆమె చేతులూ ముంజేతులూ ఎర్రబడి, పొక్కి, పగిలిపోయాయి. ఇంట్లో అంట్లు తోమే ఆడవాళ్ళను ఎవరినైనా అడగండి, నాసిరకం సబ్బు పది రోజులు వాడితేనే వేళ్ళ సందులు ఎలా మండుతాయో చెబుతారు. ఈమె ముంచింది విషంలో. ఇక ఆ గదిలో పని చెయ్యలేనని చెప్పే పరిస్థితి వచ్చింది.

హాల్‌స్టెడ్‌కు ఆమె పనితనం మీద గురి. వదులుకోదలచుకోలేదు. న్యూయార్కులోని గుడ్‌యియర్ రబ్బరు కంపెనీకి చెప్పి (టైర్ల కంపెనీ కాదు, అది తర్వాత తొమ్మిదేళ్ళకు పుట్టింది) పలచటి రబ్బరుతో, మణికట్టు దాటి పైకి వచ్చే తొడుగులు రెండు జతలు చేయించాడు. అవి పనికొచ్చాయి. మరిన్ని తెప్పించారు. 1890 జూన్‌లో హాల్‌స్టెడ్, కారొలిన్ పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళితో ఆమె ఆసుపత్రి ఉద్యోగం ముగిసింది. తొడుగులు మాత్రం గదిలోనే ఉండిపోయాయి.

వైద్యచరిత్ర పుస్తకాలు దీన్ని ప్రేమకథగా చెప్పుకుని మురిసిపోతాయి. మురిసిపోవలసిందే. కానీ ఆ తొడుగులు తొడిగింది ఎవరి కోసమన్నది మరిచిపోకూడదు. రోగి కోసం కాదు. క్రిముల తలపే అందులో లేదు. పని చేసే మనిషి చర్మం కోసం, అంతే.

కళ్ళెదుటే ఉన్నది

ఆ తర్వాత జరిగినదే ఈ కథలో అన్నిటికన్నా విచిత్రం. నర్సులు, పనిముట్లు అందించే సహాయకులు తొడుగులు వేసుకునేవారు. అలవాటైనవాళ్ళకు అవి లేకుండా పని చెయ్యడమే కష్టంగా ఉండేది. సర్జన్లు మాత్రం చాలావరకు వట్టి చేతులతోనే రోగి కడుపు కోసేవారు. రబ్బరు అడ్డమైతే వేలికి స్పర్శ తెలియదని వాళ్ళ భయం. ఉడికించి క్రిములు లేకుండా చెయ్యగల చెయ్యి ఒకటి బల్ల పక్కనే ఉంది. చర్మాన్ని ఎంత తోమినా ఉడికించలేం కదా! ఆ సంగతి ఏళ్ళ తరబడి ఎవరికీ తట్టలేదు.

1896 ప్రాంతంలో హాల్‌స్టెడ్ శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ ప్రతి ఆపరేషనుకూ తొడుగులు వేసుకోవడం మొదలుపెట్టాడు. 1899లో నాలుగు వందలకు పైగా హెర్నియా ఆపరేషన్ల లెక్క తీశాడు. వట్టి చేతులతో చేసిన రోజుల్లో నూటికి 17 గాయాలు చీము పట్టేవి, తొడుగులతో రెండు లోపు. ఒక నర్సు చర్మాన్ని కాపాడ్డానికి తెచ్చిన రబ్బరు ముక్క, ఏ మందూ చెయ్యని పని చేసింది. అన్నేళ్ళు అది కళ్ళెదుటే ఉన్నా గుడ్డివాళ్ళలా ఉండిపోయామని 1913లో హాల్‌స్టెడ్ తనే ఒప్పుకున్నాడు. అంత పెద్ద సర్జను అలా రాయడం చిన్న విషయం కాదు.

తొడుగులకూ ఒక చెడ్డ కాలం

ఎనభైల్లో మన ప్రభుత్వాసుపత్రుల్లో పని చేసిన పాతతరం సిస్టర్లను కదిలించండి, తొడుగుల కథ వాళ్ళు చెబుతారు. ఆపరేషన్ అయ్యాక గ్లవ్స్ పారేసే రోజులు కావవి. కడిగి, బట్టల్లా తీగ మీద ఆరేసి, గాలి ఊది చిల్లులు వెతికి, పౌడరు చల్లి, జతలు చూసి గుడ్డలో చుట్టి ఆటోక్లేవుకు పంపేవారు. చిల్లు పడ్డ జత కూడా చిన్నాచితకా పనులకు వాడకంలోనే ఉండేది.

ఆ అలవాటును తలకిందులు చేసింది హెచ్‌ఐవీ. మన దేశంలో మొదట మద్రాసులో 1986లో బయటపడింది. 1987లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ఆసుపత్రులకు ఒక నియమం పెట్టింది. ఎవరి రక్తంలో ఏముందో ముఖం చూసి చెప్పలేం కాబట్టి, అందరి రక్తాన్నీ ప్రమాదమనే అనుకుని జాగ్రత్త పడాలి. ఇందులో రోగి మర్యాద కూడా ఉంది. ఒకరిని వేరుగా, అంటరానివాళ్ళలా చూడనక్కర్లేదు, జాగ్రత్త అందరికీ ఒకటే. కొలెట్ష్కా వేలికి తగిలిన గాటు భయమే మళ్ళీ సిబ్బందిని కదిలించింది, ఈసారి సూది రూపంలో.

గ్లవ్స్ వాడకం ఒక్కసారిగా పెరిగింది. దాంతో కొత్త బాధ వచ్చింది. లేటెక్స్ రబ్బరులోని ప్రొటీన్లు కొందరి ఒంటికి పడవు. రోజంతా తొడుక్కునే నర్సులకు దురదలు, దద్దుర్లు, కొందరికి ఉబ్బసం. సులువుగా తొడుక్కోవడానికి చల్లే పౌడరు ఆ ప్రొటీన్లను గాలిలోకి లేపేది. అదే పౌడరు ఆపరేషన్ గాయంలో పడితే రోగి కడుపులో పేగులు అతుక్కుపోయే ప్రమాదం. సిబ్బందికి పడనిది రోగికీ పడలేదు. పౌడరు పూసిన గ్లవ్స్‌ను అమెరికా 2017 జనవరి నుంచి నిషేధించింది. ఇవాళ మనం చూసే నీలిరంగు నైట్రైల్ గ్లవ్స్ ఆ అనుభవం తర్వాత ఎక్కువైనవే.

ఇంకో బాధ ఉంది, దానికి ఏ కంపెనీ మందు కనిపెట్టలేదు. గ్లవ్స్ తొడుక్కున్నవాళ్ళకు తమ చెయ్యి శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఒక మంచం దగ్గర డ్రిప్పు సరిచేసి, అవే గ్లవ్స్‌తో పక్క మంచం కట్టు ముట్టుకుని, కేసుషీటు రాసి, సెల్‌ఫోను ఎత్తే మనిషి తనను తాను కాపాడుకుంటున్నాననుకుంటుంది. నిజానికి మోస్తున్నది 1847 అక్టోబరు నాటి ఆ ఒకటో మంచాన్నే. మంచానికీ మంచానికీ మధ్య కడుక్కోవాలన్న మాట రబ్బరు మీద కూడా చెల్లుతుంది. గ్లవ్స్ మార్చాలి, తీసిన చేతులు కడగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చేతుల శుభ్రతకు అయిదు సందర్భాలు ఖాయం చేసింది. రోగిని ముట్టుకునే ముందు, గాయం కట్టడం లాంటి శుభ్రమైన పని చేసే ముందు. రక్తం వంటివి తగిలే పని అయ్యాక, రోగిని ముట్టుకున్నాక, మంచం చుట్టూ ఉన్న వస్తువులు తాకాక. మొదటి రెండూ రోగి కోసం. తక్కిన మూడూ ప్రధానంగా చెయ్యి కడిగేవాళ్ళ కోసం, పక్క మంచాల కోసం. ఆ నీళ్ళను ఇది రోగి వాటా, ఇది నర్సు వాటా అని విడదీయడం కుదరదు. 2003లో సార్స్ సోకిన 8,096 మందిలో 1,706 మంది ఆసుపత్రి సిబ్బందే. కోవిడ్ ఏడాది, 2020 సెప్టెంబరు 17న, రోగుల భద్రతా దినానికి ఆ సంస్థ ఎంచుకున్న అంశం వైద్య సిబ్బంది భద్రత. ఆ మాట అనడానికి కొలెట్ష్కా పోయాక నూట డెబ్బై మూడేళ్ళు పట్టింది.

ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, డాక్టరు హస్తవాసి సంగతి అడగబోయే ముందు, వార్డు గుమ్మం పక్కన సింకు ఉందేమో చూడండి. కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయా, సబ్బు ఉందా, తుడుచుకోవడానికి ఏమైనా ఉందా. తర్వాత అక్కడి సిస్టర్ చేతులు చూడండి. అవి పగిలి ఉంటే ఆమె మంటకు భయపడి ఎన్నిసార్లు కడుక్కోవడం మానేస్తుందో, నలభై మంచాలకు ఒక్కర్తే అయితే కడుక్కునే తీరిక ఎక్కడిదో ఆలోచించండి. హస్తవాసి చేతి గీతల్లో లేదు. ఆ చేతికి ఎవరు ఏం సమకూర్చారన్న దానిలో ఉంది.

కారొలిన్ చేతులు మండిన ఆ 1889 చలికాలంలోనే, బాల్టిమోరుకు వేల మైళ్ళ దూరంలో, మన హైదరాబాదులో ఇంకో చెయ్యి వార్తల్లోకి ఎక్కింది. అది ఆపరేషన్ బల్ల దగ్గర రోగి ముక్కు మీద క్లోరోఫారం గుడ్డ పట్టుకునే చెయ్యి. మత్తు మందు మనిషిని చంపేది గుండె ఆపా, ఊపిరి ఆపా? రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ పట్టుదల, నిజాం ప్రభుత్వపు డబ్బు, లండన్ నుంచి ఓడెక్కి వచ్చిన లాడర్ బ్రంటన్, మధ్యలో ఒక అంతర్జాతీయ తగాదా. వచ్చే వారం: ‘హైదరాబాదు క్లోరోఫారం కమిషన్’.